చేప నూనె సీసా కొనే ముందు నాన్నగారి నాలుక చూడండి

మీరు అడిగింది ఇది. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న మీ నాన్నగారికి 67 ఏళ్లు, ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. ఏడాదిగా తెలిసినవాళ్ల పేర్లు తడుముకుంటున్నారు, చెప్పిన సంగతే మళ్లీ చెబుతున్నారు. తాతగారు చివరి రోజుల్లో కన్నకొడుకునే గుర్తుపట్టలేకపోయారు కాబట్టి మీకు బెంగ పట్టుకుంది. అమెరికాలో ఉన్న మీ అక్క చేప నూనె సీసాలు పంపుతున్నారు. గాంధీనగర్‌లో మందుల షాపతను క్రిల్ నూనె, అస్టాజాంథిన్, సముద్రపు నాచు పొడి చూపించి నెలకు 4,500 రూపాయలు అవుతుందన్నాడు. వీటిలో ఏది కొనాలి, చేప ముట్టని అమ్మగారికి ఏమివ్వాలి అన్నది మీ ప్రశ్న.

గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లో 26 ఏళ్లుగా పోషకాహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. సూటిగా చెబుతాను. ఈ నెల ఆ డబ్బు మందుల షాపులో పెట్టకండి. అందులో సగానికి అటూ ఇటూగా ఖర్చుపెట్టి నాన్నగారికి రక్త పరీక్షలు చేయించండి, మిగిలిన డబ్బుతో వారానికి రెండుసార్లు సముద్రపు చేప తెప్పించండి. ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లోనే జరిగిన ఒక కారణం ఉంది.

మా అత్తగారు గుంటూరు బ్రాడీపేటలో ఉండేవారు. 71వ ఏట ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం మొదలుపెట్టారు. గిన్నె పెట్టకుండానే పొయ్యి వెలిగించి వరండాలోకి వెళ్లి కూర్చునేవారు. వయసు మీదపడుతోందని ఇంట్లో అందరం అనుకున్నాం. ఈ వృత్తిలో ఉన్న నేనూ అలాగే అనుకుని మంచి రకం చేప నూనె గుళికలు తెచ్చి ఎనిమిది నెలలు క్రమం తప్పకుండా ఇచ్చాను. అరికాళ్లు మంటలు పుడుతున్నాయని ఆవిడ అంటూనే ఉన్నారు, షుగరు వల్లనేమో అని వదిలేశాం. చివరకు ఒక పెద్ద వయసు వైద్యుడు ఆమెను నాలుక చాపమన్నారు. మామూలుగా నాలుక మీద ఉండే సన్నని గరుకుదనం లేదు. ఎర్రగా, నున్నగా, అద్దంలా ఉంది. బి12 పరీక్ష చేయిస్తే 96 వచ్చింది, 200కు పైన ఉండాల్సింది. పదకొండేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్, పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వాడుతున్నారు. ఈ రెండూ దీర్ఘకాలం వాడితే శరీరానికి బి12 అందడం తగ్గుతుంది. పైగా ఆవిడ శాకాహారి. ఇంజక్షన్లు మొదలుపెట్టాక నాలుగు నెలల్లో మనిషి చాలావరకు తేరుకున్నారు, మనవరాలి పెళ్లికి చీరల లెక్క తనే చూసుకున్నారు. కానీ అరికాళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు. బి12 లోపం ఎక్కువ కాలం ఉంటే నరాలకు జరిగే నష్టంలో కొంత వెనక్కి రాదు. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే ముందు పరీక్షలు. బి12, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, మూడు నెలల షుగరు సగటు, హిమోగ్లోబిన్, కిడ్నీ పనితీరు, సోడియం. రక్తపోటుకు నీరు పోయించే మాత్రలు వాడే పెద్దవాళ్లలో సోడియం తగ్గి తికమక పడటం నేను తరచూ చూస్తుంటాను. నాన్నగారు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లండి. టీవీ శబ్దం ఈమధ్య పెంచుతున్నారా అని గమనించండి. సరిగ్గా వినపడని పేరు గుర్తుండదు. 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం, మార్చుకోగలిగిన 14 కారణాలను అదుపు చేస్తే ప్రపంచంలో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని లెక్క కట్టింది. వినికిడి లోపం, చెడు కొలెస్ట్రాల్, రక్తపోటు, షుగరు, కుంగుబాటు, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. చేప నూనె లేదు. రోజూ వందమంది పిల్లల మధ్య గడిపిన మాస్టారు పదవీ విరమణ తర్వాత ఇంట్లో ఒక్కరే కూర్చుంటున్నారా అన్నది కూడా చూడండి. కుంగుబాటు పెద్ద వయసులో అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. తెలిసిన వీధిలో దారి తప్పినా, చిల్లర లెక్కలో తికమకపడినా, స్వభావం మారిపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.

ఇక సముద్రం సంగతి. మెదడులోని నీటిని పక్కన పెడితే మిగిలినదాంట్లో సగానికి పైగా కొవ్వే. అందులో ఒమేగా-3 అనే కొవ్వుల జాతికి చెందినవాటిలో, చేప నూనెలోనూ ఉండే డీహెచ్‌ఏదే పెద్ద వాటా. ఒక నాడీకణం మరో కణానికి కబురు అందించే చోట, కణం పై పొరలో ఇది ఇమిడి ఉండి ఆ పొరను మెత్తగా, వంగే గుణంతో ఉంచుతుంది. దీన్ని మన శరీరం సొంతంగా చాలా కొద్దిగానే తయారు చేసుకోగలదు. అవిసె గింజల్లో, వాల్‌నట్లలో ఉండేది ఏఎల్‌ఏ అనే మరో ఒమేగా-3. అందులో డీహెచ్‌ఏగా మారేది అతి స్వల్పం. అవిసె గింజల కారప్పొడి గుండెకూ పేగులకూ మంచిదే, తినండి. దాన్ని చేపకు బదులుగా లెక్కవేసుకోకండి.

చేప కూడా డీహెచ్‌ఏని సొంతంగా పెద్దగా తయారు చేసుకోదని చాలామందికి తెలియదు. దాన్ని తయారు చేసేది కంటికి కనిపించని సముద్రపు నాచు. దాన్ని చిన్న జీవులు తింటాయి, వాటిని కవళ్లూ కానాగంతలూ తింటాయి, కవళ్లను వంజరం తింటుంది. అలా మన కంచంలోకి వస్తుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, అమ్మగారి దగ్గరకు వచ్చేసరికి పనికొస్తుంది.

రక్తంలో డీహెచ్‌ఏ ఉన్నంత మాత్రాన అది మెదడులోకి పోదు. దానికి ఒక ప్రత్యేకమైన ద్వారం ఉంది. సింగపూర్‌లోని శాస్త్రవేత్తలు 2014లో ఎంఎఫ్‌ఎస్‌డీ2ఏ అనే ప్రొటీన్ ఆ పని చేస్తుందని కనుగొన్నారు. పెద్దవాళ్ల మెదడు రోజుకు తీసుకునే డీహెచ్‌ఏ దాదాపు 4 మిల్లీగ్రాములని అంచనా. ఎక్కువ మింగినకొద్దీ అదే లెక్కన మెదడులో పెరుగుతుందని అనుకోవడానికి లేదు. కావలసింది కొంచెమే, అది ఏళ్ల తరబడి అందుతూ ఉండాలి.

చేప తినేవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో ఫలితాలు ఆశ కలిగించేలా ఉన్నాయి. షికాగోలో 65 ఏళ్లు దాటిన 815 మందిని సగటున దాదాపు నాలుగేళ్లు పరిశీలించి 2003లో ప్రచురించిన ఫలితాల్లో, వారానికి కనీసం ఒకసారి చేప తిన్నవాళ్లకు అల్జీమర్స్ వచ్చే అవకాశం, ఎప్పుడో గానీ తిననివాళ్లతో పోలిస్తే 60 శాతం తక్కువగా కనిపించింది. మందుల కంపెనీలు చూపించే అంకె ఇలాంటిదే. ఆ తర్వాతి కథ వాళ్లు చెప్పరు. అమెరికాలో అల్జీమర్స్ తక్కువ నుంచి మధ్యస్థ స్థాయిలో ఉన్న 402 మందిని తీసుకుని కొందరికి రోజుకు 2 గ్రాముల డీహెచ్‌ఏ, మిగతావాళ్లకు ఉత్త గుళికలు 18 నెలలు ఇచ్చారు. 2010లో ఫలితాలు వచ్చాయి, రెండు జట్లూ ఒకే వేగంతో జ్ఞాపకశక్తి కోల్పోయాయి. వ్యాధి ముదిరాక ఇచ్చారు కాబట్టి పనిచేయలేదేమోనని, ఫ్రాన్స్‌లో 70 ఏళ్లు దాటి వ్యాధి ఇంకా రాని 1,680 మందితో మూడేళ్లు మరో పరీక్ష చేశారు. రోజుకు 800 మిల్లీగ్రాముల డీహెచ్‌ఏ ఇచ్చారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

చేప తినేవాళ్లను గమనించిన అధ్యయనాలకూ, ఈ గుళికల పరీక్షలకూ పొంతన ఎందుకు లేదు? నా అనుభవంలో దీనికి జవాబు కంచంలోనే కనిపిస్తుంది. చేపల పులుసు చేసుకున్న రోజు ఆ ఇంట్లో మటన్ ఉండదు, నూనెలో వేయించిన కోడి ఉండదు. చేపతో పాటు మంచి ప్రొటీన్, బి12, సెలీనియం, అయోడిన్, కొంత విటమిన్ డి వస్తాయి. వారానికి రెండుసార్లు చేప తినే మనిషి ముప్పై, నలభై ఏళ్లుగా తింటూ ఉంటాడు. అంతేకాదు, ఆ అలవాటు ఉన్నవాళ్లు నడక, చదువు, వైద్యం విషయాల్లో కూడా కాస్త మెరుగ్గా ఉండవచ్చు. ఆ మేలంతా చేపదే అనుకోవడం పొరపాటు. డెబ్బయ్యో ఏట మొదలుపెట్టిన గుళిక వీటిలో ఏ ఒక్కటీ ఇవ్వలేదు.

నాకు మరీ ముఖ్యమనిపించిన పరిశోధన ఒకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జ్ఞాపకశక్తి కొద్దిగా తగ్గిన 70 ఏళ్లు దాటినవాళ్లకు రెండేళ్లు బి12, ఫోలిక్ ఆమ్లం, బి6 ఇచ్చి మెదడు స్కాన్లు తీశారు. మాత్రలు వేసుకున్నవాళ్ల మెదడు కుంచించుకుపోయే వేగం సుమారు 30 శాతం తగ్గింది. అది 2010 సంగతి. అయిదేళ్ల తర్వాత అదే మనుషుల రక్త నమూనాలను మళ్లీ పరిశీలిస్తే, ఒమేగా-3 తగినంత ఉన్నవాళ్లలోనే ఈ మేలు కనిపించింది, తక్కువ ఉన్నవాళ్లలో విటమిన్లు పెద్దగా పనిచేయలేదు. చిన్న అధ్యయనమే. అయినా ఒకటి లేనిదే రెండోది సరిగా పనిచేయకపోవచ్చనే సూచన అందులో ఉంది. మా అత్తగారి విషయంలో నేను చేసిన పొరపాటు సరిగ్గా అక్కడే. బి12 అడుగంటిన శరీరంలోకి చేప నూనె పోస్తూ కూర్చున్నాను.

షాపతను చూపించిన మిగతా వాటి గురించి. క్రిల్ అంటే అంటార్కిటికా సముద్రంలో ఉండే రొయ్యలాంటి చిన్న జీవి. దాని నూనె బాగా ఒంటపడుతుందని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతారు. సీసా వెనక చదివితే ఒక్కో గుళికలో డీహెచ్‌ఏ మామూలు చేప నూనె గుళికలో కంటే తక్కువే ఉంటుంది. మతిమరుపును ఆపుతుందని రుజువు లేదు.

అస్టాజాంథిన్‌ను మీరు ఇదివరకే చూశారు, పేరు తెలియదంతే. పచ్చి రొయ్యను బాణలిలో వేసినప్పుడు బూడిద నీలం రంగు నిమిషంలో నారింజ ఎరుపుగా మారుతుంది కదా, ఆ ఎరుపే అస్టాజాంథిన్. పచ్చి రొయ్య పెంకులో అది ఒక ప్రొటీన్‌కు అతుక్కుని ఉండటం వల్ల రంగు కనిపించదు. వేడి తగిలి ప్రొటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. ప్రయోగశాలలో ఇది కణాలను ఆక్సీకరణ దెబ్బ నుంచి బాగా కాపాడుతుంది, ఎలుకల్లోనూ మంచి ఫలితాలున్నాయి. మనుషుల మీద జరిగినవి చిన్న చిన్న పరీక్షలు, వాటిని నమ్మి నెలనెలా డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను. ముదురు గోధుమరంగు సముద్రపు నాచులోని ఫ్యూకోజాంథిన్, ఫ్యూకోయిడాన్ అనే పదార్థాల సంగతీ ఇంతే. పైగా నాచు పొడిలో అయోడిన్ మోతాదు ఒక్కో రకంలో ఒక్కోలా, కొన్నింటిలో విపరీతంగా ఉంటుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని ముట్టుకోకపోవడం మేలు.

నాచు నుంచి తీసిన జీవీ-971 అనే అల్జీమర్స్ మందుకు చైనా 2019లో షరతులతో అనుమతి ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా మొదలుపెట్టిన పెద్ద పరీక్షను కంపెనీ 2022లో మధ్యలోనే ఆపేసింది. జెల్లీ చేపలో మొదట కనుగొన్న ప్రొటీన్‌ను ప్రెవాజెన్ అనే పేరుతో జ్ఞాపకశక్తి మాత్రగా అమెరికాలో ఏళ్ల తరబడి ప్రకటనలిచ్చి అమ్మారు. 2017లో అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ, న్యూయార్క్ రాష్ట్రం కలిసి ఆ ప్రకటనలు మోసపూరితమని కోర్టుకెక్కాయి. ప్రొటీన్ ఏదైనా కడుపులోకి పోయాక జీర్ణమైపోతుంది, పప్పులోని ప్రొటీన్‌లాగే. అది చెక్కుచెదరకుండా మెదడుకు చేరుతుందని చెబితే నమ్మకండి. మీ అక్క పంపే పార్సిళ్లలో ఇలాంటిది వచ్చినా పక్కన పెట్టండి.

ఆమె ఇప్పటికే పంపిన చేప నూనె ఉంది కదా, దాని వాసన చూడండి. గుళిక చివర కత్తెరతో కత్తిరించి చెంచాలో పిండండి. తేలికైన చేప వాసన ఉంటే ఫర్వాలేదు. ముక్కిపోయిన వేరుశెనగ నూనెలా, పాత పెయింటులా ముక్కుకు కొడితే సీసా మొత్తం పారేయండి. ఒమేగా-3 కొవ్వులు గాలికి, వేడికి తొందరగా చెడిపోతాయి. మే నెలలో విజయవాడ ఎండలో కొరియర్ బండిలో తిరిగి, తర్వాత వంటింట్లో పొయ్యి పక్క అలమరలో నిలిచిన సీసా మీద నాకు నమ్మకం లేదు. ఫ్రిజ్‌లో పెట్టాలి. అట్ట మీద 1,000 మిల్లీగ్రాములని పెద్దక్షరాలతో ఉంటే అది నూనె మొత్తం బరువు. వెనక చిన్న అక్షరాల్లో చూస్తే, మామూలు రకాల్లో డీహెచ్‌ఏ 120, ఈపీఏ అనే మరో ఒమేగా-3 180 ఉంటుంది. అసలు కొలత అదే. కాడ్ చేప కాలేయపు నూనెను చేప నూనె అనుకుని రోజుకు నాలుగైదు మింగేవాళ్లున్నారు. అందులో విటమిన్ ఎ ఎక్కువ, మోతాదు మించితే కాలేయానికి, ఎముకలకు చేటు.

నాన్నగారు గుండెకు రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, ఏదైనా ఆపరేషన్ ఉన్నా గుళికల సంగతి వైద్యుడికి తప్పకుండా చెప్పాలి. రోజుకు ఒక గ్రాము దాటిన ఒమేగా-3 మోతాదులతో కొందరిలో గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుందని పెద్ద పరీక్షల్లో తేలింది. ఇవి ఏ హానీ లేనివని అనుకోవద్దు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. నాన్నగారు ఆదివారం బొచ్చె వేపుడు తింటారని రాశారు. విజయవాడలో దొరికే బొచ్చె, శీలావతి ఎక్కువగా కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పెంచినవి. మంచి ప్రొటీన్, మంచి బి12. డీహెచ్‌ఏ మాత్రం సముద్రపు చేపలంత ఉండదు. దానికి మచిలీపట్నం, నిజాంపట్నం నుంచి వచ్చే సముద్రపు చేప అడగండి. వంజరం, చందువ ఖరీదు చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. అందరూ పేదల చేప అని తీసిపారేసే కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లలోనే ఈ కొవ్వు ఎక్కువ. నూనె కవళ్లు కొవ్వు పట్టిన కాలంలో 100 గ్రాములకు ఒక గ్రాము దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఒమేగా-3 ఇస్తాయి. కళ్లు తేటగా, మొప్పలు ఎర్రగా, పొట్ట గట్టిగా ఉన్నవి ఏరుకోండి. సొర లాంటి పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది కాబట్టి వాటిని అరుదుగా తినండి.

వేపుడు మానిపించి పులుసు పెట్టించండి. కాగే నూనెలో చేపను ముంచితే చేపలోని మంచి కొవ్వు కొంత బయటికి పోతుంది, బాణలిలో నూనె చేపలోకి పోతుంది. పులుసులో కరిగిన కొవ్వు ఎక్కడికీ పోదు, అన్నంలో కలుపుకుంటాం. కవళ్లకు చింతపండు కాస్త చిక్కగా తీసి, ఉల్లిపాయ, మెంతిపిండి వేసి, పులుసు తెర్లాక చేపలు వేసి సన్న సెగ మీద పది నిమిషాలు, గరిటె పెట్టకుండా గిన్నెను రెండు చేతులతో తిప్పితే చాలు. ఉప్పు తగ్గించండి. ఎండు చేపలు, రోజూ ఆవకాయ, గోంగూర పచ్చడి కలిపి తింటే రక్తపోటు పెరుగుతుంది, అది మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. ఒక చేత్తో ఇచ్చిన చేపను మరో చేత్తో లాక్కున్నట్టవుతుంది.

చివరగా అమ్మగారు. మొక్కు వల్ల ఇరవై ఏళ్లుగా చేప, మాంసం మానేశారని రాశారు. ఆమె నియమాన్ని కదిలించే పని లేదు. ఇందాక చెప్పిన కంటికి కనిపించని నాచు నుంచి నేరుగా తీసిన డీహెచ్‌ఏ శాకాహార గుళికల్లో దొరుకుతుంది, చేపకు అందేదీ అక్కడినుంచే. వేసుకోవాలనుకుంటే రోజుకు 200 నుంచి 250 మిల్లీగ్రాములు చాలు. గుళిక తొడుగు జంతువుల నుంచి తీసిన జెలటిన్‌తో చేసినది కాదని అట్ట మీద చదివి నిర్ధారించుకోండి. తప్పనిసరి అని చెప్పను. స్పిరులినా వేసుకుంటే డీహెచ్‌ఏ, బి12 రెండూ వస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అందులో డీహెచ్‌ఏ చెప్పుకోదగ్గంత ఉండదు, బి12గా కనిపించేది చాలావరకు మన శరీరానికి పనికిరాని నకలు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపింది. అమ్మ ఈమధ్య మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది, పాదాలు దూదిలా ఉన్నాయంటోంది అని మాటల మధ్య రాసి వదిలేశారు. ఇంట్లో అందరి కళ్లూ నాన్నగారి మీదే ఉన్నాయి. ఆయన్ను రక్త పరీక్షకు తీసుకెళ్లిన రోజే అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లి, ఆమెకూ బి12 చేయించండి.